కిటికీల మీద అధికారం ఎవరిది?

యూనివర్సిటీలో ఆయన్ని అందరూ రాజ్యం సార్ అంటారు. మొదటి సంవత్సరం పిల్లలకి రాజనీతిశాస్త్రం పరిచయం చేసే పేపరు ఎన్నో ఏళ్ళుగా ఆయనదే. మొదటిరోజు హాల్లోకి అడుగుపెట్టి, హాజరైనా తీసుకోకుండా, "రాజ్యం అంటే ఏమిటి?" అని అడుగుతాడు. అందుకే ఆ పేరు.

"రాజు ఉండేది సార్" అంటాడు ఎవడో ఒకడు. ఏటా అంటాడు. పిల్లలు మారతారు గాని ఆ జవాబు మాత్రం మారి చావదు.

"మరి రాజు లేనిచోట?"

"మంత్రి ఉంటాడు సార్."

హాలంతా గొల్లుమంటుంది. మొదట్లో ఆయనా నవ్వేవాడు. ఈమధ్య నవ్వు రావడం లేదు, ఒళ్ళు మండుతోంది. రాజ్యం వేరు, ప్రభుత్వం వేరు అని గొంతు చించుకుని చెబుతాడు. ప్రభుత్వాలు వస్తాయి, పోతాయి, రాజ్యం అక్కడే ఉంటుంది, డ్రైవరు మారితే బస్సు మారుతుందా అంటాడు. "డ్రైవరు గుద్దేస్తే మారుతుంది సార్" అంటారు వెనక బెంచీ వాళ్ళు. బలం వేరు, అధికారం వేరు అంటాడు. దారికడ్డంగా నిలబడి ఆపినవాడు దొంగైతే అది బలం, పోలీసైతే అది అధికారం అంటాడు. "ఇద్దర్లో ఎవరాపినా జేబు ఖాళీయే కదా సార్" అంటారు. ఆ మాటలో కూడా బోలెడంత రాజనీతి ఉంది, పట్టుకుని లాగితే గంట పాఠం చెప్పొచ్చు. కానీ అన్నవాడికి అది జోకు. నవ్వేసి ఫోన్లోకి తల దూరుస్తాడు. ఇంక ఎవరికి చెప్పాలి, నా మొహం!

ఆయన కోరిక పెద్దదేం కాదు. ఒక్కరు, ఒకే ఒక్కరు, లేచి నిలబడి "ఎందుకు?" అని అడగాలి. పదిమంది కలిసి బతికే చోట ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు వింటారు. ఎందుకు వినాలి? ఈ శాస్త్రమంతా ఆ ఒక్క ప్రశ్నలోంచే పుట్టిందని ఆయన గట్టి నమ్మకం. అది అడగనివాడు రాజ్యానికి ఎన్ని నిర్వచనాలు బట్టీపట్టినా చిలక పలుకులే. ఇన్నేళ్ళలో ఎంతోమంది పాసయ్యారు, కొందరు ర్యాంకులు కూడా కొట్టారు. ఆ ప్రశ్న అడిగిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు.

ఇంట్లో ఈ గోడు వినీ వినీ ఆయన భార్యకి విసుగొచ్చింది. ఆవిడ టైలరు. ముందుగదిలో మిషను కుట్టుకుంటూనే సమాధానాలు చెబుతుంది. ఆవిడ తమ్ముడు లారీ మెకానిక్కు, అక్కని చూడ్డానికి వచ్చినప్పుడల్లా బావని కదపకుండా పోడు.

"బావా, ఇన్నేళ్ళ నుంచీ ఎన్నికల గురించి చెబుతున్నావు గదా, నువ్వు నిలబడితే మా అక్క ఓటైనా నీకు పడుతుందంటావా?"

"పడదు" అంది అక్క, మిషను ఆపకుండానే.

ఇలా గడిచిపోతుండగా ఒకరోజు డిపార్ట్‌మెంటు హెడ్డు పిలిపించాడు. హెడ్డు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. కుర్చీ చూపించి, టీ తెప్పించి, మెల్లగా మొదలుపెట్టాడు.

"మీ క్లాసులో గోల ఎక్కువగా ఉంటోందటండీ. పక్క హాలు వాళ్ళకి పాఠం చెప్పుకోవడం కుదరడం లేదట. కొత్తగా చేరిన ఆయన్ని చూశారుగా, చక్కగా నోట్సు చెప్తాడు, పిల్లలు రాసుకుంటారు, సూది పడితే వినపడుతుంది. మొదటి సంవత్సరం పేపరు ఆయనకిచ్చేసి మిమ్మల్ని పరీక్షల విభాగంలోకి తీసుకుందామా అని ఆలోచిస్తున్నా. మీకూ శ్రమ తగ్గుతుంది."

రాజ్యం సార్ టీ కప్పు కింద పెట్టేశాడు. పరీక్షల విభాగం అంటే మెట్ల కింద గది. జవాబు పత్రాల కట్టలు, లక్క వాసన, ట్యూబులైటు. అక్కడ పిల్లల మొహాలుండవు, నంబర్లుంటాయి.

"నా పేపరు తీసెయ్యకండి సార్" అన్నాడు.

"అబ్బే, ఇంకా ఏమీ అనుకోలేదు. గురువారం నేనే వచ్చి మీ క్లాసులో కూర్చుంటా. చూసి నిర్ణయిద్దాం."

ఇంటికొచ్చి చెబితే భార్య తేలిగ్గా తేల్చేసింది. "ఆ ఒక్కరోజుకీ నోట్సు చెప్పెయ్యండి. మీ సొమ్మేం పోయింది?"

"చస్తే చెప్పను."

"మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అన్నారా!" అని దారం కొరికింది ఆవిడ.

గురువారం వచ్చింది. ఆ హాలు సంగతి కాస్త చెప్పాలి. పొడుగాటి హాలు, ఒక పక్కనే కిటికీలు. కింద రోడ్డు, దాని మీద బస్సులు, ఎదురుగా వెల్డింగు షాపు. కిటికీలు తెరిస్తే ఆ చప్పుడుకి ముందు బెంచీలకి కూడా పాఠం వినపడదు. మూస్తే వెనక బెంచీలకి ఊపిరాడదు, ఎందుకంటే అక్కడి ఫ్యాన్లు తిరుగుతాయే గాని గాలి రాదు. రోజూ దీనిమీద కుక్కల కొట్లాటే. రాజ్యం సార్ ఆరోజు పాఠానికి ఆ కొట్లాటనే పట్టుకున్నాడు. పుస్తకం తెరవలేదు. హెడ్డు ఆఖరి బెంచీలో కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"ఈ హాలు ఒక రాజ్యం అనుకోండి. మీరు ప్రజలు. ఈ నాలుగు గోడల మధ్య ఉన్నదంతా మన భూభాగం. మన మీద పెత్తనం చెయ్యడానికి పైనుంచి ఎవరూ రారు, అదే సార్వభౌమాధికారం."

అందరి తలలూ ఒక్కసారిగా హెడ్డు వైపు తిరిగాయి. కిసుక్కున నవ్వులు. రాజ్యం సార్ ఆగలేదు.

"ఇంక మిగిలింది ప్రభుత్వం. ఈ కిటికీల మీద అధికారం ఎవరిది? మీరే తేల్చండి."

తేల్చారు. చేతులెత్తారు. మూసెయ్యాలన్నవాళ్ళే ఎక్కువయ్యారు. ముందు బెంచీలోంచి ఒకడు వీరుడిలా లేచి, టపటపా కిటికీలన్నీ మూసి, గడియలు పెట్టి వచ్చాడు. పాఠం అనుకున్నట్టే నడుస్తోందని మాస్టారు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు లేచింది వెనక వరసలో, కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి. సంవత్సరం మొదలైన దగ్గర్నుంచీ ఆ పిల్ల నోరు విప్పింది లేదు. పుస్తకంతో విసురుకుంటూ, మొహం ఎర్రగా చేసుకుని అడిగింది.

"సార్, నేను ఒప్పుకోలేదు. నేను చెయ్యే ఎత్తలేదు. ఎక్కువమంది అన్నారని నేనెందుకు వినాలి సార్?"

అమ్మ తల్లీ! ఎన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట. రాజ్యం సార్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. నోట్లోకి జవాబు కాదు, ఇంకో ప్రశ్న వచ్చింది, దాని వెనక ఇంకోటి. సమ్మతి అంటే ఏమిటి, ఈ హాల్లో చేరినప్పుడే నువ్వు ఒప్పుకున్నట్టా, ఒప్పుకోకపోతే బయటికి పోయే దారుందా అని వరసగా కదిలాయి.

ఈలోపే ముందు బెంచీలు భగ్గుమన్నాయి. "ఓడిపోయావు, కూర్చో!" "ఊపిరాడక చస్తుంటే ఓటేంట్రా!" అన్నారు వెనకవాళ్ళు. "అయితే నువ్వొచ్చి ముందు కూర్చో!" బల్లలు చరిచారు. వెనకవాడెవడో పోయి ఒక కిటికీ తెరిచాడు, ముందువాడు పరిగెత్తాడు. హాలు సంతయింది. ఆ సంత మధ్యలో రాజ్యం సార్ చూపు ఆఖరి బెంచీ మీద పడింది. హెడ్డు జేబులోంచి పెన్ను తీస్తున్నాడు.

అంతే. మెట్ల కింద గది కళ్ళముందు కదిలింది.

"కూర్చో అమ్మా!" అని అరిచాడు. "అది సిలబస్‌లో లేదు. కూర్చో! అందరూ కూర్చోండి!"

సిలబస్‌లో లేకపోవడమేమిటి, మొదటి పాఠమే అది. ఆ అమ్మాయి రెండు క్షణాలు ఆయన్నే చూసింది. తర్వాత కూర్చుంది. హాలంతా సద్దుమణిగింది. రాజ్యం సార్ పుస్తకం తెరిచి, "రాసుకోండి. రాజ్యమునకు నాలుగు లక్షణములు కలవు" అని చెప్పడం మొదలుపెట్టాడు. బెల్లు కొట్టేదాకా పెన్నుల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

బయట వరండాలో హెడ్డు ఆయన భుజం తట్టాడు. "మొదట్లో కాస్త భయపడ్డానండీ. కానీ ఒక్క కేకతో భలే అదుపులోకి తెచ్చారు! పేపరు మీ దగ్గరే ఉంటుంది, నిశ్చింతగా ఉండండి."

నిశ్చింతగా! రాజ్యం సార్ థాంక్స్ చెప్పాడు. చెప్పినందుకు తన నాలుక మీద తనకే అసహ్యమేసింది.

సాయంత్రం భార్యకి సంగతి చెప్పాడు. ఆవిడ సంతోషపడింది.

"పోనీలెండి, గండం గడిచింది. అవునూ, ఆ పిల్ల ఏదో అడిగిందన్నారు, ఏమడిగింది?"

"ఎందుకు వినాలి అంది."

మిషను ఆగింది. "మీరు రోజూ కలవరించేది అదేగా?"

"అదే."

"మరి మీరేం చెప్పారు?"

"కూర్చోమన్నాను."

ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండును అనిపించింది ఆయనకి. అందరి మీదా కోపం వచ్చింది. హెడ్డు మీద, పక్క హాలు వాళ్ళ మీద, బల్లలు చరిచిన వెధవల మీద, ఇన్నాళ్ళు నోరెత్తక సరిగ్గా ఆరోజే ఎత్తినందుకు ఆ పిల్ల మీద కూడా.

మర్నాడు హాల్లోకి వెళుతూనే నేరుగా వెనక వరస దాకా నడిచాడు.

"అమ్మా, నిన్న ఒక ప్రశ్న అడిగావు. మళ్ళీ అడుగు. ఈరోజు గంటంతా దానిమీదే మాట్లాడుకుందాం."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. "వద్దు సార్. నాకు జవాబు దొరికింది."

"దొరికిందా? ఏమిటది?"

వెటకారం లేదు ఆ గొంతులో. లెక్క తేలినప్పుడు చెప్పినట్టే చెప్పింది.

"ఇంటికెళ్ళి ఆలోచించాను సార్. మీరు కూర్చోమన్నారు, నేను కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానా అని చూసుకున్నాను. మీరు చెప్పింది న్యాయమనిపించి కాదు. నేను ఒప్పుకునీ కాదు. భయమేసి కూర్చున్నాను. ఎవరైనా ఎవరి మాటైనా వినేది అందుకే కదా సార్? అంతే కదా జవాబు?"

కాదు అని చెప్పాలి. భయంతో వినేది బలాన్ని, ఒప్పుకుని వినేది అధికారాన్ని అని ఏటా చెప్పే పాఠం నాలుక చివరే ఉంది. నిన్న అరిచిన నోటితో ఇవాళ అది ఎలా చెప్పడం? హాలంతా ఆయన వైపే చూస్తోంది. ఎన్నడూ లేనిది, ఫోన్లు కూడా పక్కన పెట్టారు.

"నీ సంగతి నువ్వు చెప్పావు" అన్నాడు. "నా సంగతి కూడా విను. నిన్న వెనక హెడ్డు గారు ఉన్నారు. గోలైతే ఈ క్లాసు నా దగ్గర్నుంచి తీసేస్తారు. భయమేసింది. అందుకే నిన్ను కూర్చోమన్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి కూర్చోలేదు. ఆయన కూర్చోమనీ అనలేదు.