మేం దించని పైకప్పు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, భయమూ లేదు. ఏళ్ల తరబడి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నదాన్ని. స్టాఫ్ రూంలో ఎవరైనా "మా మేనత్తకి ఒకసారి ఏం జరిగిందంటే" అని గొంతు తగ్గించి మొదలుపెడితే, అప్పుడు కరెంటు ఉందా, ఆవిడకి జ్వరమేమైనా ఉందా అని అడిగి కథంతా పాడుచేసేదాన్ని. నన్ను చూస్తే అలాంటి కబుర్లు ఆగిపోయేవి. ఇప్పుడు నేనే ఒకటి చెప్పబోతున్నాను. మీరు అడగబోయే ప్రశ్నలన్నీ నన్ను నేను ముందే అడిగేసుకున్నాను.

మాది తెనాలి. మా ఆయనకి ఊరి చివర ట్రాక్టర్ ట్రాలీలు కట్టే షెడ్డు ఉండేది. ఆయన పుట్టింది కర్లపాలెం దగ్గర, వరి పండించే ఇంట్లో. ఉన్నట్టుండి ఆయనకి ఒక పిచ్చి పట్టింది. పాత వ్యాను ఒకటి కొని, అందులోనే వండుకుని పడుకునేలా సొంతంగా మార్చుకున్నారు. దాని పైకప్పు ట్రంకుపెట్టె మూతలా ఒక పక్క నుంచి లేస్తుంది. చుట్టూ మందపాటి గుడ్డ గోడలు. పైన ఇద్దరు హాయిగా పడుకోవచ్చు.

లేపడం తేలికే, దించడమే తంటా. ఒకరు లోపల నిలబడి పైకప్పు నుంచి వేలాడే పట్టీ పట్టుకుని వేలాడాలి, ఇంకొకరు గుడ్డని లోపలికి మడుచుకుంటూ రావాలి. లేకపోతే అంచు ఇరుక్కుని చిరుగుతుంది. ఆయన మాత్రం ఒక్కరే దించేసేవారు. ఎలాగో నాకు ఎప్పటికీ అంతుబట్టలేదు.

బండి దగ్గర మనిషి లేకుండా పైకప్పు లేపి ఉంచకూడదని ఆయన నియమం. టీ తాగడానికి వెళ్లినా సరే, దించాకే. అది వాళ్ల ఇంటి నుంచి వచ్చిన అలవాటు. కళ్లంలో ధాన్యం ఆరబోసి ఇంటికి అన్నానికి వచ్చినప్పుడు ఆకాశంలో మబ్బు కనబడితే, ముద్ద చేతిలో ఉన్నా లేచి వెళ్లి బరకం కప్పి రావాల్సిందే. "ధాన్యం తడుస్తుంటే తిన్న తిండి ఒంటబట్టదు" అనేవారు మా అత్తగారు. ఆయన ఆ మాటని బండికి తగిలించారు. ఎన్నిసార్లు భోజనం మధ్యలో లేచి ఎంగిలి చేత్తోనే పరిగెత్తారో చెప్పలేను. ఆ పట్టీకి అంటుకున్న మెతుకులు నేను గొణుక్కుంటూ తుడిచేదాన్ని.

"చెయ్యి కడుక్కుని వెళ్లేదాకా వాన ఆగదా ఏంటి?" అనేదాన్ని.

"ఆగదు" అనేవారు, అంతే.

రెండేళ్ల కిందట ఆయన పోయారు. గుండె ఆగిపోయింది, షెడ్డులోనే. షెడ్డు వేరేవాళ్లకి ఇచ్చేశాం. బండి మాత్రం మా ఇంటి పక్క సందులో ఉండిపోయింది. లోపల చెక్కల మీద ఆయన పెన్సిల్తో వేసుకున్న కొలతలు ఇంకా చెరిగిపోలేదు. నేను అప్పుడప్పుడూ వెళ్లి కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. ఏడవడానికి ఇంట్లో కంటే అక్కడ వీలుగా ఉండేది.

దాన్ని అమ్మేద్దామని మా మరిది శ్రీను పట్టుబట్టాడు. కర్లపాలెంలో ఉంటాడు. అన్నంటే ప్రాణం పెట్టిన మనిషి, ఆశతో అన్న మాట కాదది, మాకేమవుతుందోనన్న భయంతో అన్నది.

"ఆడాళ్లిద్దరూ దాన్నేసుకుని ఎక్కడ తిరుగుతారు వదినా? ఆ పైకప్పు దించడానికే ఇద్దరు మగాళ్లు కావాలి" అన్నాడు.

మా అమ్మాయి కీర్తన ససేమిరా అంది. డ్రైవింగ్ నేర్చుకుంది. బండిని మెకానిక్‌కి చూపించింది. లోపల మూలమూలా కడిగి తుడిచింది. చివరికి ముగ్గురం ఒక మాట అనుకున్నాం. ఒక్కసారి వెళ్లి వస్తాం, బండికి ఏ చిన్న దెబ్బ తగిలినా అమ్మేస్తాం. శ్రీనుకి ఆ మాట ఇచ్చింది నేనే.

బాపట్ల దాటాక సూర్యలంక దగ్గర, మా ఆయన స్నేహితుడి సరుగుడు తోటలో బండి పెట్టుకున్నాం. ఎండాకాలం. పైన తల్లీకూతుళ్లం పడుకున్నాం. చాన్నాళ్లకి నాకు ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. తెల్లవారుజామున చిన్న జల్లు పడి గుడ్డంతా తడిసింది.

ఆ రోజే రేపల్లెలో మా ఆడపడుచు మనవరాలి అన్నప్రాసన. వాళ్ల సందులోకి బండి దూరదని బస్సులో వెళ్దామనుకున్నాం. బయల్దేరేముందు కీర్తన పట్టీ అందుకుంది. నేనే ఆపాను.

"తడిగుడ్డ మడిస్తే ముక్కిపోతుందే. ఎండకి ఆరనీ" అన్నాను.

నేనూ ఆ ఇంటి కోడల్నే కదా. తడి ధాన్యం మీద బరకం కప్పి ఉంచితే మొలకలొస్తాయని తెలుసు. ఆరబోసినవాళ్లు పక్కనే కాపలా కూర్చుంటారన్న సంగతే గుర్తు రాలేదు. ఎండ చురచురలాడుతోంది. తలుపులకి తాళం వేసి, పైకప్పు లేపినది లేపినట్టే వదిలి వచ్చేశాం. తాళంచెవి కీర్తన బ్యాగులో ఉంది. రెండోది తెనాలిలో మా బీరువాలో ఉంది.

రేపల్లెలో పాపకి పాయసం నాకించి, మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నాం. నాకు కుడివైపు కీర్తన, ఎదురు వరుసలో శ్రీను. నేను కీర్తన వైపు తిరిగి ఏదో మాట్లాడుతున్నాను. పప్పు వడ్డిస్తున్నతను నా ఎడమ పక్క ఆకు దగ్గర ఆగి, "ఇక్కడ కూర్చున్నవారు ఏరండీ?" అన్నాడు. చూస్తే ఆకులో పులిహోర సగం తిని ఉంది, కుర్చీ వెనక్కి జరిపి ఉంది. పంక్తి మధ్యలో లేవకూడదని కూడా తెలియదేమో అనుకున్నాను. వేడుకల్లో మామూలే కాబట్టి అంతటితో వదిలేశాను.

అప్పుడే శ్రీను అడిగాడు. "బండెక్కడ పెట్టారు? పైకప్పు దించే వచ్చారుగా?"

"దించాం బాబాయ్" అంది కీర్తన, తలెత్తకుండా.

నేను పప్పు కలుపుకోసాగాను.

పెరుగు రాకముందే షామియానా టపటపా కొట్టుకోవడం మొదలైంది. బాపట్ల వైపు ఆకాశం కాటుకలా కమ్ముకొచ్చింది. ఆయనే ఉంటే ఈపాటికి లేచి పరిగెత్తేవారు అనుకున్నాను. ముద్ద ఆకులోనే వదిలేశాను. గాలి ఆ పైకప్పు కిందకి దూరిందంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు, పిల్లలకి చెప్పే పాఠమే అది.

శ్రీను తన కారులో దింపుతానన్నాడు. వద్దంటే అనుమానం వస్తుంది. మా ఆడపడుచు డబ్బాలో పులిహోర పెట్టి చేతికిచ్చింది. చెరుకుపల్లి దాటేసరికి కుండపోత. రోడ్డుకి అడ్డంగా కొమ్మలు పడి ఉన్నాయి. వెనక సీట్లో కీర్తన నా చెయ్యి పట్టుకుంది. బండి పోయింది, అబద్ధం బయటపడుతుంది, ఇచ్చిన మాట ప్రకారం మిగిలిన రేకులు కూడా అమ్మాలి. ఆయన్ని రెండోసారి పోగొట్టుకోవడానికి వెళ్తున్నట్టే అనిపించింది.

మేం చేరేసరికి వాన వెలిసింది. తోటలో రెండు చెట్లు పడి ఉన్నాయి.

బండి పైకప్పు దించి ఉంది.

కీర్తన నా వైపు చూసింది. నేను తన వైపు చూశాను. శ్రీనుకి ఏమీ తెలియదు. "పర్లేదే, బాగానే దించారు" అన్నాడు. తలుపులు తాళం వేసినవి వేసినట్టే ఉన్నాయి. కీర్తన తాళం తీసింది. లోపల నీటి చుక్క లేదు. పైన పరుపు పొడిగా ఉంది. పైకప్పుకి లోపలి వైపున్న రెండు గడియలూ బిగించి ఉన్నాయి. అవి బయట నుంచి అందవు.

శ్రీను తడిసిందేమోనని మూల మడత తడిమి చూశాడు. అక్కడే ఆగిపోయాడు.

"ఈ మడత మీకెవరు నేర్పారు వదినా?"

మడత వెంట వేలు జరుపుతూ చూపించాడు.

"సముద్రం వైపు అంచు ముందు లోపలికి చుట్టి, దాని మీదకి పక్క అంచు తిప్పి, చివర కిందకి దోపారు. మా నాన్న కుప్పల మీద బరకం ఇలాగే దోపేవోడు. నాకూ అన్నయ్యకీ తప్ప ఇంకెవరికీ రాదిది."

కీర్తన ఏడుపు ఆపుకోలేకపోయింది. "మేం దించలేదు బాబాయ్. అబద్ధం చెప్పాను" అంది.

శ్రీను కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. తిన్నగా తోట గేటు దగ్గర పాక కింద ముంజెలు అమ్ముకునే ఆవిడ దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను.

"పొద్దున్నుంచీ ఈడనే ఉన్నా బాబూ. ఎవురూ రాలా" అంది ఆవిడ. "గాలి లెగిసినప్పుడు చూత్తే దిగే ఉంది. అమ్మగారోళ్లే దించుకునెళ్లారనుకున్నా."

శ్రీను తిరిగొచ్చి బండి మీద చెయ్యి వేశాడు. "అమ్మొద్దులే వదినా" అన్నాడు. కళ్లు తుడుచుకుని కారెక్కాడు.

తర్వాత నేను నా అలవాటు ప్రకారం అన్నీ వెతికాను. తోట యజమాని ఆ వారం ఊళ్లోనే లేడు, తాళంచెవి అతనికి ఎప్పుడూ ఇవ్వలేదు. గాలికే పైకప్పు పడిపోయిందనుకుందాం. గాలి గడియలు బిగించదు, గుడ్డ మడవదు. పైగా గుడ్డ పూర్తిగా ఆరి ఉంది. అంటే పొద్దుటి తడి ఆరాక, మధ్యాహ్నం వాన పడకముందు ఎవరో దించారు. మేం రేపల్లెలో భోజనాల దగ్గర కూర్చున్న వేళ అది.

మర్నాడు తెనాలి వచ్చాక బండి తుడుస్తుంటే, పైకప్పు లాగే పట్టీకి ఒక మెతుకు అంటుకుని కనబడింది. పసుపుపచ్చగా ఎండిపోయి ఉంది, పక్కనే ఒక ఆవగింజ. పాతది కాదు. ప్రయాణానికి ముందు కీర్తన ఆ పట్టీని సబ్బు పెట్టి కడిగింది. మేం తెచ్చిన డబ్బా మూత ఇంటికొచ్చాకే తీశాం. నా చీర మీద నుంచో, కీర్తన చున్నీ మీద నుంచో రాలి ఉండొచ్చు. నాకు నేను చాలాసార్లు అలాగే చెప్పుకున్నాను. రాలితే కిందకి రాలాలి కదా, తలకంటే ఎత్తులో ఉన్న పట్టీకి ఎలా అంటుకుంటుంది?

అప్పుడు గుర్తొచ్చి రేపల్లెకి ఫోన్ చేశాను. ఆ రోజు నా ఎడమ పక్క కూర్చున్నదెవరని మా ఆడపడుచుని అడిగాను. ఆవిడ ఇంట్లో అందర్నీ అడిగి చెప్పింది. "నీ పక్కన ఎవరూ కూర్చోలేదంట అమ్మాయ్. ఆ ఆకు ఎక్కువ పడిందంట. ఎందుకూ?" అంది. ఊరికే అడిగానన్నాను.

దెయ్యాలున్నాయని నేను అనడం లేదు. ఏం జరిగిందో తెలియదని మాత్రమే అంటున్నాను. ఈ మాట అనడం నాకెంత కష్టమో నా తోటి టీచర్లకి తెలుసు.

మొన్నామధ్య బండి కడుగుతూ కీర్తన నెమ్మదిగా అడిగింది. "ఇంకోసారి పైకప్పు లేపి వదిలేసి వెళ్దామా అమ్మా? చూద్దాం."

న్యాయంగా వెళ్లాలి. ఒకసారి జరిగింది రుజువు కాదని, ప్రయోగం మళ్లీ చేసి చూడాలని క్లాసులో చెప్పేదాన్ని నేనే. నాకూ ఆశగానే ఉంది. ఎంత ఆశో చెప్పలేను. అయినా వద్దన్నాను. ఇప్పుడు మేం టీ తాగడానికి వెళ్లినా ఇద్దరం కలిసి పైకప్పు దించే వెళ్తున్నాం.

ఎక్కడ ఏ పంక్తిలో కూర్చుని ఉన్నారో ఆయన. ఈసారైనా కడుపు నిండా తిననివ్వాలి.