కరెంటు పోతే?

అరబ్బు దేశంలో, మా అల్ ఖర్జ్ డెయిరీలో యెమెన్ నుంచి వచ్చిన పశువుల డాక్టరు ఒకాయన ఉండేవాడు. ఏ కొత్త మిషను వచ్చినా ముందు అడిగేది ఒక్కటే: "కరెంటు పోతే?"

అక్కడ ఎలక్ట్రీషియన్ని నేను. ఒళ్ళు మండేది.

"నేనుండగా ఎందుకు పోతుంది దక్తూర్?"

"ఇక్కడ పోదు. మా ఊళ్ళో పోతుంది."

ప్రతి శుక్రవారం వీడియో కాల్‌లో వాళ్ళ ఊరి పాడి రైతులకు, ఇక్కడ నేర్చుకున్న పని అక్కడ ఎలా చేసుకోవాలో చెప్పేవాడు. ఒకసారి పాలు చల్లబరిచే కొత్త ట్యాంకు చూపిస్తున్నాడు. మాట పూర్తి కాకుండానే ఫోన్లోంచి ఒక ముసలావిడ గట్టిగా అడ్డుపడింది. నాకొచ్చిన కాస్త అరబ్బీకే అర్థమైంది, డాక్టరు నోట ఎప్పుడూ వినే ప్రశ్నే.

డాక్టరు నావైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"విన్నావా? ఇక వాళ్ళకి నాతో పనిలేదు."