డజను గాజులకు మోటారు హాండిలు

నా చిన్నప్పుడు నేను చేసినంత గొప్ప బేరం బాన్సువాడ బజారులో ఏ సేటూ చేసి ఉండడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. యుద్ధం రోజులు, ఇనుము ధర మండిపోతోంది. పాత సామాన్లు కొనేవాడు మా గుమ్మం ముందు ఆగితే, పెరట్లో పడి ఉన్న వంకర ఇనుప కడ్డీ ఒకటి తెచ్చి చూపించాను. ఆరు గాజులిస్తానన్నాడు. కడ్డీ చంకన పెట్టుకుని లోపలికి నడిచాను. వెనక్కి పిలిచాడు. చివరికి డజను ఎర్ర గాజులు, పైన ఒక దువ్వెన రాబట్టాను. ఆ కడ్డీ దేనికి పనికొస్తుందని మాత్రం అడగలేదు. కిరాణా కొట్టులో పెరిగినదాన్ని కదా, ధర తెలిస్తే వస్తువు తెలిసినట్టే అనుకున్నాను.

అది మా నాయిన మోటారు హాండిలు. మీట నొక్కితే ఇంజను లేవనప్పుడు, బండి ముందు దూర్చి చేత్తో తిప్పేది. నాయిన ఆ పాత మోటారును సగం ధరకు కొన్నానని ఊరంతా చెప్పుకునేవాడు.

వారం తిరగకుండానే మా మేనత్త కోర్టు పేషీ వచ్చింది. మామయ్య పోయి ఏడాది. బోధన్‌లో ఆయన నడిపిన దుకాణం తనదేనని మరిది దావా వేశాడు. ముసురులో దారులు తెగి అత్త రెండు తారీఖులకు వెళ్లలేకపోయింది. ఇదే ఆఖరిది, పేరు పిలిచినప్పుడు లేకపోతే దుకాణం మరిదిదేనని వకీలు చెప్పి పంపాడు. పదకొండింటికి అక్కడ ఉండాలి.

పొద్దున్నే అత్త తెల్లచీర కట్టుకుని, కాగితాల మూట ఒళ్లో పెట్టుకుని మోటారులో కూర్చుంది. నాయిన మీట నొక్కాడు. టిక్కుమంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ టిక్కు. అంతే. హమాలీలు నలుగురు తోస్తే చక్రాలు నల్లమట్టిలో ఇంకాస్త దిగాయి. హాండిలు కోసం ఇల్లంతా వెతికారు. నేను చేతులు పరికిణీలో దాచుకుని, వాళ్లతోపాటు నేనూ వెతికాను.

నాయిన మిస్త్రీని పిలిపించాడు. గానుగ ఇంజన్లు బాగుచేసేవాడు. బండి మూత కూడా ఎత్తకుండా చెవి పెట్టి విన్నాడు.

“స్టార్టర్ కాలిపోయింది సేటూ. ముప్పై రూపాలు, రెండు రోజులు.”

“ముప్పయ్యా! పదిహేనిస్త.”

“పదిహేనుకు చెక్రం గూడ ఊడది.”

ఇక మొదలైంది. నాయిన అలిగాడు, మిస్త్రీ సంచి సర్దుకున్నాడు, నాయిన వెనక్కి పిలిచాడు, చాయ్ తెప్పించాడు, మళ్లీ అలిగాడు. గంటకు పైగా గడిచింది. ఇరవై రెండుకు తెగింది. నాయిన మీసం దువ్వుకుంటూ మోటారు దగ్గరికి వచ్చి, “చెల్లే, ఎనిమిది తగ్గించిన” అన్నాడు.

అత్త మోటారు దిగింది. ఆమె గొంతు అంత పెద్దదని ఆ రోజు దాకా మాకెవరికీ తెలియదు.

“రోగమేందో తెల్వకముందే మందుకు బేరమా అన్నా? ఆడ నా పేరు పిలుస్తుంటరు. నువ్వేమో ఎనిమిది రూపాలకు మురుస్తున్నవ్!”

“మిస్త్రీ చెప్పిండు గదనే...”

“మూత ఎత్తిండా? కన్ను పెట్టి సూసిండా? లోపల గూసో. బండి దీపం ఎయ్యి.”

నాయిన దీపం వేశాడు. బాగానే వెలిగింది. అట్లాగే ఉంచి మీట నొక్కమంది. టిక్కుమనేసరికి దీపం కొడిగట్టినట్టు ఎర్రబడింది.

“స్టార్టర్ కాలితే దీపానికేమైతది? దీపానికి సాలినంత కరెంటే వస్తున్నది. నడుమ యాడనో అడ్డం పడ్డది.”

మామయ్యకు సరుకు లారీ ఉండేది. దాని పక్క సీట్లో కూర్చుని నేర్చిన చదువు అది. నాయిన కాళ్ల కింది పలకను ఆమే లేపింది. బ్యాటరీ పైన తీగలు తగిలించే కొమ్ముల్లో ఒకదాని మీద తెల్లగా, పచ్చగా చిలుము పేరుకుని ఉంది. వేలితో తాకి చటుక్కున తీసుకుంది. కాలుతోంది. కొట్లోంచి బెల్లం కత్తి, గుప్పెడు సోడా, చెంబెడు వేడినీళ్లు తెమ్మని నాకు కేకేసింది. చెంబు అందుకుంటూ నా ఎర్ర గాజుల వైపు ఒకసారి చూసింది. సోడానీళ్లు పోస్తే బుసబుస పొంగింది. తీగ విప్పించి, గీకి, తుడిచి, మిస్త్రీ చేతే బిగించింది.

మీట నొక్కగానే మోటారు గర్జించింది.

“గదే చెప్దామనుకుంటున్న అమ్మా” అన్నాడు మిస్త్రీ.

“నోరు ముయ్యి. బండి తొయ్యి!” అంది అత్త. తోశాడు. నాయిన సిగ్గుపడి అతని చేతిలో అర్ధరూపాయి పెట్టాడు. ఈసారి బేరం లేదు. అత్త నా రెక్క పట్టి వెనక సీట్లోకి లాగింది. ఎందుకో అర్థం కాలేదు.

మేం కోర్టుకు చేరేసరికి పేరు మూడుసార్లు పిలిచి, లేదని రాసుకుని, అరగంటయింది. వకీలు తల దించుకున్నాడు.

తిరిగి వస్తుంటే కోటగిరి దాటాక అత్త నా చేయి తన ఒళ్లోకి తీసుకుంది. గాజులు లేని ఆమె చేతిలో నా ఎర్ర గాజులు గలగలమన్నాయి.

“హాండిలుకు వచ్చినయేనా?” అంది, ముందున్న నాయినకు వినపడకుండా.

తలూపాను.

“గా హాండిలు ఉంటే రెండు తిప్పులకు లేచేది. పొద్దుగాల్నే చెప్తే పోయి తెచ్చుకునేటోళ్లం.”

ఏడుస్తూ గాజులు తీయబోయాను. గట్టిగా మణికట్టు పట్టుకుంది.

“తియ్యకు. పగిలేదాక ఏసుకో.”

నాయినకు ఆమె ఏనాడూ చెప్పలేదు. బతికినన్నాళ్లూ మా కొట్లోనే త్రాసు ముందు కూర్చుని, అన్న సరుకు తూచింది. నాయిన మీదా, మిస్త్రీ మీదా, ఆ మరిది మీదా నాకు ఇప్పటికీ మంటే. మంటను కాస్త పక్కన పెడితే తేలే లెక్క ఇది: కత్తి, సోడా, వేడినీళ్లు మా కొట్లోవే. మిస్త్రీకి అర్ధరూపాయి. నాయిన బేరానికి గంట. డజను గాజులకు, ఒక దువ్వెనకు, పొద్దుటి నుంచి నోరు విప్పనందుకు నేను పెట్టిన ధర, మా అత్త దుకాణం.