నర్సింలు గీసిన ఎడమకాలు

మా ఎల్లారెడ్డి బడిలో నాతో చదివే నర్సింలు రోజూ మనుషులను పలక మీద గీస్తాడు, తుడుస్తాడు. మొదట్లో ముఖంతో మొదలుపెట్టేవాడు. అది పూర్తయ్యేలోపు మనిషి వెళ్లిపోయేవాడు. ఇప్పుడు ముందు నడుము వంపు పట్టుకుంటున్నాడు. ఈ పొద్దున కల్లు కోసం ఈతచెట్టు ఎక్కుతున్న వాళ్ల బాపును నాలుగు గీతల్లో గీశాడు. బొమ్మలో బరువంతా కుడికాలి మీదే ఉంది.

“నన్ను కుంటోణ్ణి చేసినవేందిరా!” అన్నాడు బాపు, చెట్టు దిగి.

“నువ్వు ఎట్ల ఎక్కినవో గట్లనే గీసిన, బాపూ.”

అక్కడే ఉన్న వాళ్లమ్మ పలక చూసి, “ఏదీ, ఎడమకాలు సూపు” అంది. బాపు దాచిపెట్టిన మడమ బాగా వాచి ఉంది. “తగ్గేదాంక చెట్టెక్కితే సూడు!” అంటూ చెట్టెక్కే తాడు, మోకు, లాక్కుంది.

చెట్టు కిందే ఉన్న నాకు మాత్రం ఎక్కే మనిషే కనిపించాడు. మీకైతే ఆ కాలు కనిపించేదా?