నిలబడేది నేర్పని ఇంజను

బాగేపల్లికి పోయే వ్యానులో ముందు సీటు దొరికిందని తెగ సంబరపడ్డాను. ఒళ్లో మా ఆర్నెల్ల పాప. నాకూ డ్రైవరుకూ మధ్యన, గోళ్లలో గ్రీజు ఇంకిపోయిన పెద్దాయన ఒకాయన కూర్చున్నాడు. బండి చాలా పాతది, శబ్దం మాత్రం కొత్తగా ఉంది.

"ఇంజను దీనిది కాదు కదప్పా?" అన్నాడాయన.

"జీపుది ఏసినా! ముసలిదానికి పడుచు గుండె!" డ్రైవరు నవ్వాడు.

"పరిగెత్తేది నేర్పినావు సరే. నిలబడేది నేర్పినావా? బ్రేకులు మార్చినావా?"

డ్రైవరు నవ్వు ఆగిపోయింది. "వచ్చే వారం ఏపిస్తానప్పా."

పాపను ఇంకొంచెం దగ్గరకు లాక్కున్నాను. దారిలో సాదలి ఊరు దాటితే పొడుగాటి దిగుడు రోడ్డు. "సాదలి, సాదలి!" అని డ్రైవరు బండి ఆపినప్పుడు దిగిపోదామనుకున్నాను. కానీ ఎవరూ కదల్లేదు, నేనొక్కదాన్నే దిగడానికి సిగ్గేసింది.

దిగుడు మొదలైంది. బండి ఉరికింది. డ్రైవరు బ్రేకు అదిమి తొక్కుతున్నా వేగం తగ్గడం లేదు. నేను పాపను హత్తుకుని గట్టిగా దేవుణ్ణి పిలుస్తున్నాను.

"రెండో గేరుకు దించప్పా," అంటూ పెద్దాయన హ్యాండ్ బ్రేకు మీద చెయ్యేసి కొంచెం కొంచెంగా లాగాడు. "అమ్మా, నువ్వు పాపను పట్టుకో. బండిని నేను పట్టుకుంటా."

చదునుకు రాగానే బండి ఆపించి దిగాడు. రోడ్డు దాటి అవతలి పక్కన నిలబడ్డాడు.

"యాడికి పోతావప్పా?" అని అరిచాను.

"సాదలికమ్మా. మా ఊరు."

సాదలిలో బండి ఆగినప్పుడు ఆయన దిగలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు.