రెండు పేజీలు ఒకేసారి తిప్పిన పాప

మిర్యాలగూడలో నేను రెండో తరగతికి పాఠాలు చెప్పే ప్రైవేటు బడిలో ఒక ఆనవాయితీ ఉంది. తల్లిదండ్రుల మీటింగు రోజు పిల్లలు ఒక్కొక్కరే లేచి తెలుగు వాచకంలో ఒక పాఠం చదవాలి. ఏ పాఠమో వారం ముందే చెప్తారు. ఆ వారమంతా దాన్ని వల్లె వేయించడమే మా పని.

ఆ రోజు రైస్ మిల్లులో పనిచేసే ఒకామె కూతురు లేచి గడగడా చదివింది. మధ్యలో రెండు పేజీలు ఒకేసారి తిప్పేసింది. అయినా ఆగలేదు. కళ్ల ముందు లేని పేజీని ఒక్క తప్పు లేకుండా చదివేసింది! అందరూ చప్పట్లు కొట్టారు. తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

తర్వాత ప్రిన్సిపాల్ గదికి వెళ్లి, "పాపకు అక్షరాలు రావు సార్" అన్నాను.

"గంత మంచిగ సదివితే రావంటవేందమ్మా? తల్లి ఖుషీగ పోయింది. పరేషాన్ చేయకు."

తలూపి వచ్చేశాను. డైరీలో ఆయన్ని ఒక పేజీ తిట్టాను, నన్ను మూడు పేజీలు. వల్లె వేయించింది నేనే కదా.

మర్నాటి నుంచి పాపను మధ్యాహ్నం అన్నాలయ్యాక దగ్గర కూర్చోబెట్టుకున్నాను. ఎందుకో అడగకుండానే వాళ్లమ్మ మిల్లు నుంచి పంపిన తవుడును పళ్లెంలో పరిచి, వేలితో దిద్దించాను. 'ప', 'వ' దగ్గరే పది రోజులు ఆగిపోయాం.

"టీచర్, గివి రెండు అక్కాసెల్లెండ్లా?" అనేది.

తర్వాతి మీటింగులో ముందుగా చెప్పని పాఠం తెరిచి ఇచ్చాను. పాప వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదవసాగింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"మొన్న మంచిగ సదివిన పిల్లను ఖరాబ్ చేసినవ్ గదమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్ అందరి ముందూ. "సాలు బిడ్డా, కూసో" అంటూ పుస్తకం కోసం చేయి చాపాడు.

తల్లి మొహం పాలిపోయింది. "ఏమైంది టీచరమ్మా? నా బిడ్డకు సదువు పోయిందా?"

ఒళ్లు మండిపోయింది. పుస్తకాన్ని బల్లకేసి అదిమిపట్టాను.

"పోలేదక్కా. మొన్న ఒప్పజెప్పింది, గంతే. తప్పు నాది. ఇయ్యాల సదువుతున్నది."

ప్రిన్సిపాల్ వైపు తిరిగాను.

"ఇంకా నాలుగు లైన్లున్నయ్ సార్. మీరు కూసోండి."

పాప వేలు తర్వాతి అక్షరం మీదికి జరిగింది.