మునిర్కా మేడ మీద సోలార్ కుక్కర్

దేశ రాజధానిలోని మునిర్కాలో మా అద్దెగది పైకప్పు నల్లబడిందని కింద ఉండే ఇంటామె ఓ నవంబరు సాయంత్రం కనిపెట్టింది. కారణం మా కిరసనాయిలు స్టవ్వు.

"బేటా, కమ్రే మే స్టవ్ ఫిర్ జలా, తో కమ్రా ఖాలీ." గదిలో మళ్లీ స్టవ్వు వెలిగితే గది ఖాళీ చేయాల్సిందేనట.

గ్యాస్ కనెక్షన్‌కు రేషన్ కార్డు కావాలి. రేషన్ కార్డుకు ఇంటామె ఉత్తరం కావాలి. ఉత్తరం అడిగినా కమ్రా ఖాలీయే. మా జీతాలకు అందే మరో గది ఆఫీసుకు రెండు బస్సుల దూరంలో ఉంది.

అప్పట్లో నా ఉద్యోగం బొగ్గు, చమురు బదులు ఎండనూ గాలినీ వాడుకోవచ్చని రిపోర్టులు రాయడం. కాగితం మీద అప్పటికే ఒకటిన్నర జిల్లాలచేత కిరసనాయిలు మానిపించాను. ఒక్క గది ఎంత? మూతకు అద్దం, లోపల నాలుగు నల్ల గిన్నెలు ఉన్న సోలార్ కుక్కర్ కొని మేడ మీద పెట్టాను. గోడకు పద్ధతి అంటించాను. ఒకటి, బియ్యం, పప్పు నానబెట్టాలి. రెండు, తొమ్మిదింటికి పెట్టెను ఆగ్నేయానికి తిప్పాలి. మూడు, అరగంటకోసారి ఎండ వెంట జరపాలి. నాలుగు, రెండింటికి మూత వేసి దూది రజాయి కప్పాలి.

నాతోపాటు గదిలో ఉండే వరంగల్ కుర్రాడు, నా ఆఫీసువాడే, శ్రద్ధగా చదివాడు.

"మంచిగ రాసినవ్ అన్నా. గా మూడో నంబరు ఎవలు జేస్తరు? గప్పుడు మనిద్దరం ఆఫీసుల ఉంటం గద."

సూర్యుడు కూడా ఆఫీసు వేళలే పాటిస్తాడన్న సంగతి నా రిపోర్టుల్లో ఎక్కడా లేదు.

చలికాలమంతా ఇంటామె మేడ మీద మంచం వేసుకుని బఠానీలు ఒలుస్తుంది. పెట్టెను ఎండ వెంట జరపమని వెళ్లి బతిమాలాను. రోజుకో గిన్నె పప్పుకు ఒప్పుకుంది. నెలపాటు రజాయి తీస్తే గోరువెచ్చని అన్నం ఉండేది. 'వినియోగదారుడికి అదనపు శ్రమ లేదు' అని రిపోర్టులో రాశాను. అబద్ధం కాదు, శ్రమ ఆవిడది.

జనవరిలో పొగమంచు దిగింది. నాలుగు రోజులు ఎండ లేదు. గిన్నెల్లో బియ్యం ఉబ్బింది, ఉడకలేదు.

"సూర్యుడు క్యాజువల్ లీవ్ పెట్టిండు," అన్నాడు మావాడు బ్రెడ్డు నములుతూ.

అయిదో సాయంత్రం వాడు కిటికీ మూసి, ఉప్మా కోసం స్టవ్వు వెలిగించాడు. నేను వద్దనలేదు. రవ్వ వేగకముందే ఇంటామె గుమ్మంలో నిలబడింది. స్టవ్వు ఆర్పేసి, చల్లగాలి నేలను పట్టుకుని కదలకపోతే మంచు ఎందుకు విడదో వివరించడం మొదలుపెట్టాను. ఆవిడ పైకప్పు చూసింది, తర్వాత మమ్మల్ని.

"యే సబ్ బాద్ మే. ఖానా ఖాయా?"

తినలేదన్నాం.

"ఉఠావో. ఛత్ పే."

స్టవ్వు మేడ మీదికి మోశాం. గాలికి మంట నిలవలేదు. ఆవిడే కుక్కర్‌ను పక్కకు లాగి, అద్దం మూత నిటారుగా లేపి గాలికి అడ్డం పెట్టింది. మంట నిలిచింది. శిలాజ ఇంధనానికి నా ప్రత్యామ్నాయం చేసిన మొదటి నమ్మకమైన సేవ అదే.

"కమ్రే మే నహీఁ. ధూప్ ఆనే తక్ యహీఁ," అంది ఆవిడ. ఎండ వచ్చేదాకా స్టవ్వు మేడ మీదే, అంటే గది దక్కింది. మా కిరసనాయిలు సీసా ఎత్తి చూసి, చాలదని కిందికి వెళ్లి తన రేషన్ డబ్బా తెచ్చింది. ఎండ వచ్చాక తన వాటా రెండు గిన్నెలని చెప్పి మెట్లు దిగింది.